నెత్తి మీది అంకె

గంప నిండెనమ్మా, గడప నిండెనమ్మా
దీపమెట్టినారమ్మా, దారి చూసినారమ్మా
అందరొచ్చినారమ్మా, ఇంక ఒక్కతి...

ఆ తర్వాత ఏముందో నాకు చాన ఏండ్లు యాదికి రాలేదు. "ఒక్కతి" దాక వచ్చి నాలుక ఆగిపోయేది. చిన్నప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు గోదాంలో గింజలు తీసే పని చేసేదాన్ని. పొద్దుగూకి బయటికి వచ్చే ముందర ఆడపిల్లలమంతా కలిసి పాడే పాట అది. ఇంటికి పోయే పాట. నాకు అప్పుడు పదకొండో పన్నెండో ఉంటయి.

ఇప్పుడు డెబ్బై రెండు. శాలిబండలో మా ఇంటి ముందు గదినే నా కొడుకు బిడ్డ సోనీ దుకాణం చేసింది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను, గోడకు పెళ్లి పత్రికల నమూనాలు. కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, కిరాయి కాగితాలు, అర్జీలు టైపు చేస్తది. పక్కనే చాయ్ హోటల్. పొద్దంతా సాసర్ల చప్పుడు, షేర్ ఆటోలోళ్ల కేకలు. నిశ్శబ్దం అన్న మాటకు మా గల్లీలో పనే లేదు.

నాకు అక్షరాలు యాభై నాలుగేండ్లకు వచ్చినయి. సోనీ ఒకటో తరగతిలో చేరిన ఏడు దాని పలక మీదనే నేనూ దిద్దిన. దానికి నాలుగు నెలల్లో వచ్చింది, నాకు రెండేండ్లు పట్టింది. ఇప్పటికీ వేలు పెట్టి, నోరు తెరిచి, బయటికి పలికితేనే నాకు చదువు. కండ్లతోటే చదివేటోళ్లను చూస్తే అబ్బురంగా ఉంటది. మాట గొంతులోకి రాకుండ తలలోకి ఎట్ల పోతదో.

ఈ లోపమే సోనీకి పనికొచ్చింది. "నేను చదివితే తప్పులు కండ్లకు ఆనవు నానమ్మా, అర్థం ముందుకు గుంజుకపోతది. నువ్వు ఒక్కొక్క అక్షరం తొక్కుకుంట పోతవు" అంటది. పెద్ద చదువుల పుస్తకాల్లో మాట చివర, నెత్తి మీద, ఒక చిన్న అంకె కూసుంటది. జాతరలో నాయిన భుజాలెక్కిన పిల్ల లెక్క. ఆ అంకె ఉన్నదంటే, పుస్తకం వెనక అదే అంకె పక్కన ఇంకో ముచ్చట ఉన్నట్టు. ఎవరు చెప్పిండ్రు, ఎక్కడ విన్నరు, అట్లాంటివి. సోనీ వాటిని ఎండ్‌నోట్సు అంటది. నేను వెనక మాటలంట. నెత్తి మీది అంకెకు, వెనక మాటకు జోడి కుదిరిందా లేదా చూసుడు నా పని.

ఈ వానకాలంలోనే ఒక పొద్దున బిందుమాధవి అనే ఆమె వచ్చింది. నలభై దాటిన మనిషి, సర్కారు ఆఫీసులో ఉద్యోగం, కోస్తా మాట. చేతిలో పెన్‌డ్రైవు, చంకలో కాగితాల కట్ట.

"ఇవి మా నాన్నగారు సేకరించిన పాటలండి. పనిపాటల్లో ఆడవాళ్లు పాడుకునేవి. ఆదివారం ఆయన సంవత్సరీకం, ఆ రోజుకి పుస్తకం చేతిలో ఉండాలి. రేపు పొద్దున్నే ప్రెస్సువాళ్లకి ఫైలు ఇవ్వాలి. నోట్సు నెంబర్లన్నీ కలగాపులగం అయిపోయాయి. నలుగురం నాలుగు చోట్ల టైపు చేశాం. ఎవరో చేత్తో అంకెలు కొట్టారు, ఎవరో ఐ, డబుల్ ఐ అని పెట్టారు."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, సాయంత్రానికి అయితది" అన్నది సోనీ.

కాగితాల మీద పేరు కూడబలుక్కొని చదివిన. రా... ధా... కృష్ణ... మూర్తి.

"టేపు డబ్బ భుజాన ఏసుకొని ఉస్మాన్‌గంజ్‌కు వచ్చే సారా? సన్నగ, కండ్లజోడు పెట్టుకొని?"

ఆమె నా మొహంలోకి చూసింది. "మీరు ఆగమ్మ గారా? పుస్తకంలో మీ పాట ఉందండి."

సోనీ ఆ పేజీ తీసి చూపించింది. నలభై ఎనిమిదో వెనక మాట. వేలు పెట్టి చదివిన. 'ఈ పాట ఉస్మాన్‌గంజ్ చింతపండు గోదాములో పని చేసిన ఆగమ్మ సొంత పాట. చివరి మాటలు ఆమెకు గుర్తు లేవు.'

రేషను కార్డు మీద నా పేరు తప్పు, ఓటరు కార్డు మీద ఇంకో తప్పు. అచ్చు పుస్తకంలో సరిగ్గా ఎక్కేది ఇదే మొదలు. సంబురంతో కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కాని 'సొంత పాట' అన్నకాడ నా వేలు ఆగింది.

ఆ పాట నాది కాదు. బాలమణిది.

బాలమణి నాకన్న రెండేండ్లు పెద్ద. మాటలు కట్టి పాడుతుంటే మేమందరం వంత. నన్ను ఆగీ అనేది. ప్రపంచంలో ఇంకెవ్వరూ అట్ల పిలవలేదు. ఒకనాడు పొద్దుగూకినంక అందరూ పోయిండ్రు. మేమిద్దరమే ఉన్నం. దాని గంప లోపల మరిచిపోయి వచ్చింది. గోదాం వెనక భాగంలో కిటికీ కూడ లేదు. మనిషెత్తుకు రెండంతలు పేర్చిన బస్తాలు, మధ్యన ఒక్క మనిషి పట్టే సందులు. అది లోపలికి పోతూ నన్ను పాడుతుండమన్నది. నా గొంతు ఎటు వినిపిస్తే అటు నడిచి బయటికి వస్తదట.

నేను పాడిన. ఇంతలో గోదాం లెక్కలు చూసే మునీం వచ్చి, "ఏయ్ పోరీ, ఇంకా ఇక్కడ్నే ఉన్నవా, తాళమెయ్యాలె, నడువు" అని కసిరిండు. భయపడి పాట ఆపిన. "లోపల బాలమణి ఉన్నది" అనాలె. నోరు రాలే. వెనక తలుపు నుంచి పోయి ఉంటదిలే అనుకున్న. ఇంటికి పోయిన, తిన్న, పండుకున్న.

తెల్లారి బస్తాలు జారిపడ్డ సందులో పాణం లేకుండ దొరికింది. నాకేం తెల్వదన్న. ఇరవై ఏండ్లకు సారు టేపు పెట్టి, "ఈ పాట ఎవరు నేర్పారమ్మా" అని అడిగితే దాని పేరు చెప్పలేకపోయిన. పేరు చెప్తే ఆ పిల్ల ఏమైందని అడుగుతడు గద. "ఎవ్వరు నేర్పలే సారూ, నాదే" అన్న.

ఇదంతా అప్పుడు సోనీకి చెప్పలేదు. పుస్తకంలో పేరు చూసుకొని ఊరుకున్న.

*

మధ్యాహ్నం దాక సోనీ చేత్తో కొట్టిన అంకెలన్నీ తీసేసి, మిషను అంకెలు పెట్టింది.

"ఇగ ఎన్నోది అని మనం చూసుడు లేదు నానమ్మా. నేను గుర్తు పెడత, మిషనే అంకె ఏస్తది. ఏ గుర్తు అందరికన్న ముందుంటే అది ఒకటి. ఒక గుర్తును ముందు పేజీలకు జరిపితే దాని అంకె తగ్గుతది, వెనక్కి జరిపితే పెరుగుతది."

"మంచిగుంది. బస్సుల లైను లెక్క."

"బస్సుల లైనుంటదా నానమ్మా మన దిక్కు" అని నవ్వింది.

మూడు గంటలకు వాన మొదలైంది. ప్రింటు తీసిచ్చింది. నేను పైకి చదువుకుంట అంకెలు చూసిన. లోపల నెత్తి మీద అరవై ఒకటి. వెనక అరవై రెండు. అరవై రెండోదాని పక్కన ఏమీ లేదు. ఒట్టి తెల్ల కాగితం.

"ఎక్కువైంది బిడ్డా. చెరిపెయ్."

"వెనకది చెరిపితే పోదు. లోపల దాని గుర్తు ఎక్కడ దాక్కున్నదో దొరకవట్టి, ఆ గుర్తును తియ్యాలె. అప్పుడు వెనకది అదే పోతది." ఆ అంకె మీద రెండుసార్లు నొక్కింది. పేజీలు గిర్రున తిరిగి పుస్తకం చివర, ఆఖరి పాట కింద ఖాళీ జాగాలో ఆగినయి. అక్కడేమీ కనిపించలే. ఆ ఖాళీనే చెరిపింది. "అయిపోయింది. అరవై ఒకటి. ఇంకోసారి చూడు, ఇగ మేడంకు ఫోన్ చేస్త."

మళ్లీ మొదటినుంచి. నా పాట కాడికి వచ్చేసరికి ఒట్టిగ చదవబుద్ధి కాలే. రాగం తీసిన. గంప నిండెనమ్మా, గడప నిండెనమ్మా...

"పాడుడు బంద్ చెయ్ నానమ్మా, చదువు."

వెనక పేజీలు తిప్పిన. అరవై రెండు ఉన్నయి. ఈసారి ఎక్కువైంది ఆఖరున లేదు. యాభై ఏడో అంకె పక్కన రెండే రెండు అక్షరాలు. వేలు పెట్టిన.

ఆ... గీ.

సోనీ వచ్చి చూసింది. "ఆగీ ఏంది? మేడం వాళ్లింట్ల ఎవరో పిల్లలు కొట్టినట్టున్నరు." మళ్లీ రెండుసార్లు నొక్కింది. గుర్తు ఆఖరి పేజీలో లేదు. ఇరవై పేజీలు ముందుకు వచ్చి, ఒక నాట్ల పాట పక్కన ఖాళీలో ఉన్నది. "నేను చెరిపిన గద. చెరిపినది ముందుకెట్ల జరిగింది?" అని తనలో తనే గొణుక్కుంట మళ్లీ తీసింది.

ఆ గదిలో ఎప్పుడూ జిరాక్సు కాగితం వాసన, పక్క హోటల్ చాయ్ వాసన. అప్పుడు ఇంకోటి వచ్చింది. తడిసిన గోనె. దాని కింద పుల్లగ, ముక్కు లోపల గుచ్చుకునే పాత చింతపండు వాసన.

"నానమ్మా, వంటింట్ల పులుసు పెట్టినవా?"

"లేదు బిడ్డా."

మూడోసారి ప్రింటు తీసింది. నేను చదవనన్న. "నువ్వే గద నా కండ్లు, ఇంకొక్కసారి" అన్నది. ఈసారి రాగం లేకుండ, ఒట్టి మాటలుగ, చిన్నగ చదివిన. గొంతు ఎంత చిన్నగ పెట్టినా గొంతే గద.

వెనక ఎక్కువది నలభై ఎనిమిది అయ్యింది. నాది నలభై తొమ్మిదికి జరిగింది. నా పేరుకు పైన, నా పేరును ఆనుకొని ఉన్నది అది.

ఆగీ ఎందుకు ఆపినవు.

సోనీ కూడ చదివింది. బయట వాన, రేకుల మీద చప్పుడు.

"ఆగీ ఎవరు నానమ్మా?"

"నేనే."

"ఎవరు రాసిండ్రు?"

నేను చెప్పేలోపల కరెంటు పోయింది.

*

టైము ఐదు కూడ కాలేదు. కాని మబ్బుకు గల్లీ మొత్తం నల్లబడ్డది. చాయ్ హోటల్లో సాసర్ల చప్పుడు ఆగింది. ఆటోలు లేవు. బల్ల కింది బ్యాటరీ డబ్బ కుయ్ కుయ్ మంటున్నది. దాని మీద ఇంకో పావుగంట కంప్యూటరు నడుస్తదని సోనీ అంటుంటది. గదిలో వెలుగంటే ఆ స్క్రీను ఒక్కటే.

"పైన మీటరు చూసొస్త. మన ఒక్కలకే పోయిందేమో. నువ్వు కదలకు" అని సోనీ మెట్లెక్కింది.

నేను కుర్చీలో కూసున్న. స్క్రీను మీద వెనక మాటల పేజీ తెరిచి ఉన్నది. నలభై ఎనిమిది. ఆగీ ఎందుకు ఆపినవు.

చూస్తున్నంత సేపట్లో అది నలభై నాలుగు అయ్యింది.

కండ్లు తుడుచుకున్న. నలభై. ముప్పై ఏడు. వరుసలో ఒక్కొక్కదాన్ని దాటుకుంట పైకి వస్తున్నది. దాటిన ప్రతిదీ ఒక అంకె పెరిగి పక్కకు జరిగి దారి ఇస్తున్నది. బస్తాల సందులో మనిషి నడుస్తుంటే గోనెలు రాసుకుంట జరిగినట్టు.

సోనీ చెప్పింది యాదికొచ్చింది. గుర్తు ముందుకు వస్తేనే అంకె తగ్గుతది. అంటే ఈ పుస్తకం లోపల ఎవరో నడుస్తున్నరు. ఆఖరి పేజీ నుంచి మొదటి పేజీ దిక్కు... వాకిలి దిక్కు.

ఇరవై ఆరు. ఇరవై రెండు...

అప్పుడు నా చెవుల్లో పడ్డది. సన్నగ పాట. ఎవరు పాడుతున్నరా అని చూసిన.

నేనే. పెదవులు మూసుకొని కూనిరాగం తీస్తున్న. ఎప్పటినుంచి తీస్తున్ననో తెల్వదు.

చప్పున ఆపిన.

తొమ్మిది కాడ అది ఆగింది.

బ్యాటరీ డబ్బ కూడ కుయ్‌మనలేదు. ప్రింటరు వెనక చీకట్లో... గంపలో గింజలు పోసినట్టు చిన్న చప్పుడు. జలజల. ఆగింది. మళ్లీ జలజల. ఎటు పోవాల్నో తెల్వక నిలబడి, గంప ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నట్టు.

పారిపోదామనుకున్న. కాళ్లున్నయి, వాకిలి మూడడుగుల దూరం. ఒకసారి అట్ల పోయిన గద. పోయి తిన్న. పండుకున్న.

"బాలమణీ" అన్న. అరవై ఏండ్లలో ఆ పేరు పైకి పలికింది అదే. "ఇటు... ఇటు రా పిల్లా."

పాడిన. గొంతు పగిలింది, అయినా పాడిన. గంప నిండెనమ్మా... ఎనిమిది. గడప నిండెనమ్మా... ఏడు. దీపమెట్టినారమ్మా... ఐదు. వాసన గొంతుకు అడ్డం పడుతున్నది. దారి చూసినారమ్మా... మూడు. అందరొచ్చినారమ్మా... రెండు.

ఒకటి.

ఇంక ఒక్కతి... నా నాలుక ఎప్పటిలెక్కనే అక్కడ ఆగింది. ఒకటో అంకె పక్కన ఉన్న మాటలు మాసిపోయినయి. కొత్తవి వస్తున్నయి. ఒక్కొక్క అక్షరం, మెల్లగ. అక్షరాలు కొత్తగ నేర్చినోళ్లు రాసినట్టు, నేను పలక మీద దిద్దినట్టు. స్క్రీను మీద వేలు పెట్టి చదివిన.

ఒ... క్క... తి... లో... ప... లు... న్న... ద... మ్మా...

నా వేలు ఎక్కడికి జరిగితే అక్కడ, అద్దం అవతలి నుంచి ఇంకో వేలు ఆనుతున్నది. చల్లగ. చింతపులుసు పట్టి గరుకైన వేలి కొస.

పి... లి... స్తే...

కరెంటు వచ్చింది. ట్యూబులైటు టపటపా కొట్టుకొని వెలిగింది. నేను ఉలిక్కిపడి చెయ్యి తీసిన.

పాట ఆగిపోయింది.

*

సోనీ దిగి వచ్చేసరికి వెనక మాటలు అరవై ఒకటి ఉన్నయి. నాది తిరిగి నలభై ఎనిమిది. ఎక్కువది ఎక్కడా లేదు. సోనీ మూడుసార్లు వెతికింది. "కరెంటు పోయి వస్తే సర్దుకున్నట్టుంది" అన్నది, కాని నా మొహం చూసి గొంతు తగ్గించింది.

అప్పుడు చెప్పిన. గోదాం, మునీం, నేను ఆపిన పాట, అంతా. అది నా చెయ్యి పట్టుకొని విన్నది.

"నా పేరు తీసెయ్ బిడ్డా. బాలమణి కట్టిన పాట అని పెట్టు."

"అచ్చుల పేరు పడుతున్నదని పొద్దున ఏడిస్తివి నానమ్మా."

"అందుకే తియ్యమంటున్న."

మార్చాలంటే అడగాలె గద. సోనీ బిందుమాధవికి ఫోన్ కలిపి నా చెవికాడ పెట్టింది. నేను పాట నాది కాదన్న, అబద్ధం చెప్పినన్న.

"మార్చండమ్మా" అన్నది ఆమె. "నాన్నగారు ఆ టేపు ఎన్నిసార్లు వినేవారో. ఇద్దరు పాడుతున్నారు, రెండో అమ్మాయి పేరు రాసుకోలేదు అని బాధపడేవారు. మీ పక్కన ఎవరో ఉన్నారనే అనుకున్నాం."

ఆ పొద్దు టేపు ముందర నేనొక్కదాన్నే కూసున్న. ఆమెతో ఆ మాట అనలేదు.

పుస్తకం ఆదివారానికి అందింది. నలభై ఎనిమిదిలో బాలమణి పేరు ఉన్నది. నా పేరు ఎక్కడా లేదు. తూకం సరిపోయిందనుకున్న.

కాని రాత్రి పండుకుంటే ఒకటే ఆలోచన. అది ఒకటో అంకె దాక వచ్చింది. పుస్తకంలో ఒకటికి ముందర ఇంకేమీ లేదు, వాకిలే. సరిగ్గా వాకిట్లో ఉండంగ నేను మళ్లీ పాట ఆపిన. వెనక్కి పోలేదు. పోతే అంకె పెరిగేది, సోనీకి దొరికేది. మరి ఎటు పోయింది?

పది రోజులైంది. సోనీ ఏ ఫైలు కొత్తగ తెరిచినా, కిరాయి కాగితమైనా పెళ్లి పత్రికైనా, మొదటి మాట నెత్తి మీద ఒక చిన్న అంకె కూసుంటున్నది. ఒకటి. వెనక చూస్తే దాని మాట ఏమీ ఉండదు. సెట్టింగు పాడైందని సోనీ ఎవరినో పిలిపించి చూపించింది. అంతా బాగనే ఉన్నదని చెప్పి పోయిండు. నిన్న గోడకు ఆనించిన నా పాత పలక తీస్తే, దాని మీద కూడ సుద్దతో ఒకటి ఉన్నది. కింద నేల మీద నాలుగు చింతగింజలు, తడిగ.

నేను పైకి చదువుడు మానేసిన. పెదవులు కదపకుండ కండ్లతో చదవాలని చూస్తున్న. రావట్లేదు. సోనీ అప్పుడప్పుడు లోపలి నుంచి అడుగుతది, "ఎవరితోటి పాడుతున్నవ్ నానమ్మా?" అని.

ఆ పొద్దు గోదాం చీకట్లోకి పోయే ముందర బాలమణి వెనక్కి తిరిగింది. నన్ను చూసి నవ్వింది. నాతో అన్న ఆఖరి మాట ఇదే:

"పాట ఆపకు ఆగీ. ఆపినవనుకో, నాకు దారి దొరకదు. అప్పుడు నీ గొంతు ఎక్కడ వినిపిస్తే అక్కడికే, మీ ఇంటిదాకనైనా సరే, వచ్చేస్త."